మొ అని రాసిన చివర

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి, ఆఫీసులో మేం రోజూ నిలబడి జరుపుకునే మీటింగ్‌లో ఉన్నాను. నా వంతు రాబోతుండగా జేబులో ఫోన్ అదిరింది. పక్కింటి ఆంటీ మెసేజ్. "మీ అంకుల్ ఆరింటికి వెళ్ళిపోయారమ్మా. నిద్రలోనే. ఆఫీసు చూసుకునే రా. తొందరేం లేదు." చదివి, ఫోన్ జేబులో పెట్టి, నా వంతు నేను చెప్పేశాను. నిన్న ఏం టెస్ట్ చేశానో, ఇవాళ ఏం చేయబోతున్నానో. గొంతు మామూలుగానే వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత బస్టాపులో నిలబడ్డప్పుడు తోచింది, "తొందరేం లేదు" అన్నది ఆంటీ సొంత మాట కాదని. యాభై ఏళ్ళ కాపురంలో ఆయన దగ్గర్నుంచి ఆవిడకి అంటుకున్న మాట అది.

కేంబ్రిడ్జ్ ఊరి చివర, సైన్స్ పార్కుకి బస్సులో ఇరవై నిమిషాల దూరంలో, ఒకే గోడ పంచుకునే రెండిళ్ళు మావి. ఇటు మేము, అటు వాళ్ళు. మాది అనంతపురం, వాళ్ళది కోనసీమ. ఆయన డెబ్బైలలో డిప్లొమాతో ఈ దేశం వచ్చి, కొన్నాళ్ళు కర్ర పనుల కంపెనీలో చేసి, తర్వాత స్లౌ అనే ఊళ్ళో ఒక కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇన్నేళ్ళున్నా ఆయన నోట్లోంచి, అవుననడానికి గోదావరి వాళ్ళనే "ఆయ్" పోలేదు. డాక్టరు క్లినిక్ నుంచి రిసెప్షనిస్టు ఫోన్ చేసి మీరేనా అని అడిగితే "ఆయ్" అనేవారు. ఆ అమ్మాయి దాన్ని ఇంగ్లీషు "ఐ" అనుకుని, వాక్యంలో మిగతాది వస్తుందని ఎదురుచూసేది.

మన వాళ్ళ ఇళ్ళల్లో ఎక్కడ కలిసినా మొదటి అరగంట ఎవరేం చేస్తారో తెలుసుకోవడంలోనే పోతుంది కదా. ఆంటీ ముందే అందుకుని, "మా వారు కాలేజీ లెక్చరర్‌గా రిటైరయ్యారండీ" అనేది.

"అలాగా! ఏ సబ్జెక్టండీ?"

"వడ్రంగం" అనేవారు ఆయన.

డాక్టర్లూ ఐటీ వాళ్ళూ నిండిన ఆ హాల్లో అందరూ తమ తమ ప్లేట్లలోకి చూసుకునేవాళ్ళు. ఆయన గారె తుంచుకుంటూ, "మీ ఇంట్లో ఏ తలుపైనా బిగుసుకుపోతే చెప్పండి, మొహమాటపడకండి" అనేవారు. మర్నాడు నలుగురైనా ఫోన్ చేసేవాళ్ళు.

నేనూ అలాగే వెళ్ళాను, వంటింటి సొరుగు పట్టుకుని. ఆయన దాన్ని బాగుచేయలేదు. నా చేతికి చిత్రిక ఇచ్చి, ఎక్కడ రాసుకుంటోందో నన్నే వెతకమన్నారు. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్ళు దాదాపు ప్రతి శనివారం పొద్దున ఆయన గ్యారేజీలోనే గడిచింది. మొదటి ఆరు వారాలు ఉలికి పదును పెట్టడం తప్ప ఇంకేం చేయనివ్వలేదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆఫీసులో జీతానికి అనుమానపడతాను, ఇంటికొచ్చి ఊరికే అనుమానపడతాను. రంపం గీత మీద పెట్టి, తీసి, మళ్ళీ కొలిచి, మళ్ళీ పెట్టేదాన్ని. ఆయన విసుక్కునేవారు కాదు. "అనుమానం మంచిదే అమ్మాయ్. కొయ్యబోయే ముందు ఎంతైనా అనుమానపడు. కోసేశాక మాత్రం కోసినదాన్ని చూసి మాట్లాడు" అనేవారు. ఈ మాటలో రెండో సగం నాకు అబ్బలేదు. ఇప్పుడు చెప్పబోయేది దాని గురించే.

రెండేళ్ళ కిందట, చలికాలం చివర ఒక గాలివాన వచ్చింది. మర్నాడు మా వీధి మలుపులో ఉండే జపాన్ ఆంటీ, మా అంకుల్ కోసం వచ్చింది. అసలు పేరుతో కాక మేమంతా అలాగే పిలుస్తాం, ఆవిడకీ అలవాటైపోయింది. భర్త ఇంగ్లీషాయన, పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ పెరట్లో, యాపిల్ చెట్టు కింద, పావురాల గూడంత చెక్క గుడి ఒకటుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాని ముందు ఒక కర్ర ద్వారం ఉండేది. కంచెకి వాడే కర్రలతో భర్త చేసిపెట్టినది. రాత్రి గాలికి పడిపోయింది. వెళ్ళి చూస్తే స్తంభాల అడుగులు నేలలో పుచ్చి, తడిసిన బిస్కెట్లలా ఉన్నాయి.

ఆ ద్వారం ఎలా ఉంటుందంటే, రెండు స్తంభాలు, వాటి మీద ఒక దూలం, దాని కింద కాస్త ఎడంగా ఇంకో అడ్డకర్ర. అంతే. తలుపుల్లేవు, గడప లేదు. ఇటువైపు మనది, అటువైపు దేవుడిది అని చెప్పడమే దాని పని. జపాన్‌లో ఆవిడ మొక్కే దేవుళ్ళ గుళ్ళన్నిటి ముందూ ఉంటుందట. తోరీ అంటారట.

నేను ఎగిరి గంతేశాను. "అంకుల్! తోరీ, తోరణం! మన మాటే!"

"పేరు కలిసిందని చుట్టరికం కలపకమ్మాయ్" అన్నారు ఆయన, పడి ఉన్న దూలం మందం కొలుస్తూ. "ముందు కొలతలు కలుస్తాయేమో చూద్దాం."

జపాన్ ఆంటీ, "మా దగ్గరా కొందరు అలా అంటారు. కొందరు పక్షులు వాలే కొమ్మ అంటారు. నాకు తెలీదు" అంది.

"తెలీదని ఇంత తేలిగ్గా చెప్పే మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో" అన్నారు ఆయన తెలుగులో, నాకు మాత్రమే వినిపించేలా.

ఆయన వయసు అప్పటికి డెబ్బై తొమ్మిది. చేతులు వణకడం మొదలై రెండేళ్ళయింది. గీయగలరు, చెప్పగలరు, తడిమి చూడగలరు. రంపం పట్టలేరు. "గీత నాది, కోత నీది" అని ఒప్పందం. ఇది తన ఆఖరి పని అని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆంటీ మాత్రం ఒకరోజు గోడ దగ్గర నిలబడి, "ఇది సరిగ్గా పూర్తయితే చాలమ్మా, ఆ తర్వాత కూర్చోమంటే కూర్చుంటారు" అంది. కాబట్టి దాని బరువు నాకు మొదటినుంచీ తెలుసు.

గీయడానికే నెల పట్టింది. ఆయనకేమో దూలం రెండు కొసలూ పైకి లేచే వంపు ద్వారం చేయాలని. ఆవిడ ఒప్పుకోలేదు. "నా గుడి ఇంత. దానికి అంత ద్వారం పెడితే దేవుడికి సిగ్గేస్తుంది" అంది. సరే, తిన్నగా ఉండే రకమే. తిన్నగా అనుకున్నాం గానీ ఏదీ తిన్నగా లేదు. పాత ఫొటోలు చూస్తే స్తంభాలు రెండూ కొంచెం లోపలికి వాలి ఉన్నాయి, పైకి పోయేకొద్దీ సన్నబడుతున్నాయి. "నిటారుగా పెడితే కంటికి బయటికి పడిపోతున్నట్టుంటుంది. ఈ వాలు కన్నుని బుజ్జగించడానికి" అన్నారు. స్తంభం వాలితే, అడ్డకర్ర దూరే కంత కూడా ఆ వాలుకి తగ్గట్టు ఏటవాలుగా తొలవాలి. కంత ఒకసారి తొలిచాక ఆ స్తంభానికి పైనేదో కిందేదో ఖాయం, ఇక తిప్పడానికి లేదు. పై దూలానికి కూడా నీళ్ళు నిలవకుండా రెండు వైపులకీ ఇంటి కప్పులా వాలు. ఇదంతా నిలువెత్తు కొలతల్లో గ్యారేజీ నేల మీద సుద్దముక్కతో గీశారు. ఆ నెలంతా ఆంటీ కారు బయటే ఉంది. "నా కారు వానలో, ఈయన గీతలు నీడలో" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

మేకు ఒక్కటి కూడా లేదు, జిగురు కూడా లేదు. కూసాలు కదిలిపోయాయి అంటాం చూడండి, ఆ కూసం అంటే ఏంటో నేను గ్యారేజీలోనే తెలుసుకున్నాను. ఒక కర్ర కొసని నాలుకలా చెక్కి ఇంకో కర్ర కంతలోకి దిగేస్తారు, ఆ నాలుకే కూసం. దాన్ని బిగించడానికి పక్కనుంచి చెక్క చీలలు కొడతారు. జిగురు పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని అడిగితే, "ఇప్పడానికి వీల్లేని పని పని కాదమ్మాయ్. రేపెవడో బాగుచెయ్యాలి కదా. వాడి మీద కాస్త దయ ఉంచు" అన్నారు.

కర్ర కోసం ఒక శనివారం నార్ఫోక్ వైపు ఒక సామిల్లుకి వెళ్ళాం. లార్చ్, చలికాలంలో ఆకు రాల్చే సూదాకు చెట్టు. స్తంభాలకి చదరంగా కోసిన రెండు పొడుగు కర్రలు ఎంచుకున్నాం. వాన దంచుతోంది. స్తంభం ఎప్పుడూ చెట్టు పెరిగినట్టే నిలబడాలి, వేరు వైపు కిందికి, కొమ్మల వైపు పైకి. అంకుల్‌కి వాళ్ళ నాన్న నేర్పిందీ అదే, జపాన్ వడ్రంగుల పద్ధతీ అదే. చదరంగా కోసేశాక ఏ చివర ఏదో చూడగానే తెలీదు. ముడిని చూడాలి. ముడి అంటే ఒకప్పటి కొమ్మ. అది ఎటు ఎక్కుతోందో అటు పైన. "నువ్వొకటి చూడు, నేనొకటి చూస్తా. తెలిశాక గుర్తు పెట్టెయ్. రెండు చివర్లా అక్కర్లేదు, ఒకవైపు చాలు" అన్నారు.

నేను వంగి, జాకెట్ టోపీలోంచి నీళ్ళు కారుతుంటే, ముడిని చూసి, పైకి పోయే చివర పసుప్పచ్చ సుద్దతో "మొ" అని రాశాను. మొన. లేచి చూస్తే ఆయన కర్ర చివర కూడా "మొ" అనే ఉంది. ఆయన నాది చూసి సంతోషించారు. "చెప్పకుండానే ఒకేలా రాశావే!" అన్నారు. నాకూ సంతోషమేసింది. దారంతా ఆ సంతోషంలోనే వచ్చాను.

ఆయన రాసింది మొదలు. అంటే చెట్టు మొదలు, వేరు వైపు.

ఇరవై ఏళ్ళుగా చేస్తున్న ఉద్యోగంలో నాకు తెలిసింది ఒక్కటే. అర్థం కానప్పుడు మనుషులు అడుగుతారు, ఏ ప్రమాదమూ ఉండదు. ఇద్దరికీ అర్థమైపోయింది అనుకున్నప్పుడే తప్పు దూరుతుంది. ఆ సంగతి ఆఫీసులో పాతిక మందికి చెప్పి ఉంటాను. వ్యాను వెనకాల రెండు "మొ"లు పక్కపక్కనే కనిపిస్తుంటే మాత్రం నాకు గుర్తు రాలేదు.

ఆ తర్వాతి నెలలో ఆయనకి ఛాతీ ఇన్‌ఫెక్షన్ వచ్చి మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నారు. వెళ్తూ వెళ్తూ, "గీతలున్నాయి కదా, నువ్వు కానియ్" అన్నారు. కానిచ్చాను. నాలుగు పలకల కర్రని ఎనిమిది పలకలు చేసి, ఎనిమిదిని పదహారు చేసి, ఆపైన చిత్రిక పట్టి గుండ్రం చేశాను. "మొ" అని ఉన్న చివరలు రెండూ పైకి అనుకుని అటు సన్నం చేశాను. కంతలు తొలిచాను. సెలవు పెట్టి మరీ చేశాను. సాయంత్రం ఆస్పత్రికెళ్ళి ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే, ఆయన కళ్ళజోడు లేకుండానే తలూపేవారు. గుర్తు పెట్టేశాక ముడిని మళ్ళీ ఎవరు చూస్తారు? నేను చూడలేదు.

ఇంటికొచ్చిన రోజు, ఇంకా ఆస్పత్రి పట్టీ చేతికుండగానే, గ్యారేజీలోకి వచ్చారు. రెండు స్తంభాల మీదా అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచారు. ఎడమ స్తంభం దగ్గర కాసేపు ఆగారు. "నున్నగా వచ్చింది" అన్నారు. "చీలలు నేను చేస్తాలే, వాటికి ఈ చేతులు చాలు."

నాకు తెలిసింది పది రోజుల తర్వాత. చీలలు చెక్కుతూ వాళ్ళ నాన్న ద్వారబంధాలు ఎలా చేసేవారో చెబుతున్నారు. "గుమ్మం కర్ర తలకిందులైతే ఆ ఇంట్లో వాళ్ళకి నిద్ర పట్టదనేవాడు. అందుకే కర్ర దిగగానే మొదలు దగ్గర గుర్తు రాసేవాడు" అని, పక్కన పడున్న తుక్కు ముక్క తీసుకుని దాని చివర పెన్సిల్‌తో రాసి చూపించారు. మొ.

నేను నవ్వుతూనే ఉన్నాను అనుకుంటాను. ఆయన భోజనానికి లోపలికి వెళ్ళాక, ఆయన గుర్తు పెట్టిన కర్ర, ఎడమ స్తంభం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ముడిని చూశాను. కొమ్మ నేలలోకి పోతోంది.

తొమ్మిది రోజులు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ ఒక కారణం దగ్గర నిలబడలేను. ఆయన ఊపిరి ఇంకా కుదుటపడలేదని ఒకసారి అనుకున్నాను. ఆంటీ గోడ దగ్గర అన్న మాట ఒకసారి అడ్డమొచ్చింది. ఎవరికి తెలుస్తుంది, గుండ్రంగా నున్నగా ఉన్న స్తంభాన్ని ఎవరు తడిమి చూస్తారు అని కూడా, నిజం చెప్పాలంటే, అనుకున్నాను. మా ఆయనతో చెబితే, "కర్రేగా, కర్రకి తెలుస్తుందా?" అన్నాడు. కర్రకి తెలీదు. ఆయనకి తెలుస్తుంది. తెలిస్తే తన ఆఖరి పని తలకిందులైందని తెలుస్తుంది. తెలియకపోతే నేను ఆయన్ని ఒక వారం కాదు, ఆయన బతికినన్నాళ్ళూ మోసం చేసినట్టు.

శనివారం వెళ్ళాను.

"అంకుల్, మీకొకటి చెప్పల్ల."

"చెప్పు."

"ఎడమ స్తంభం తలకిందులుగా కోసినాను."

ఆయన చీల చెక్కడం ఆపలేదు. "ఆయ్" అన్నారు.

"ఆయ్ అంటే? మీకు తెలుసునా?"

"ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే. కొమ్మ కిందికి పెరిగే చెట్టు నేనింతవరకూ చూళ్ళేదు."

"మరి అడగలేదే?"

"నువ్వు చెప్పావా?"

"నాకు తెలిసి తొమ్మిది దినాలే అయింది."

"నాకు తెలిసి పంతొమ్మిది. నాకంటే నువ్వే నయం."

అప్పుడు "మొ" సంగతి చెప్పాను. ఆయనకి మొదట అర్థం కాలేదు. "మొనేంటమ్మాయ్? సూదికి మొన, ఉలికి మొన. కర్రకి కొన కదా!"

"మా అమ్మ కట్టెకి కూడా మొన అనే అంటాది అంకుల్."

ఆయన ఉలి కింద పెట్టారు. నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వారు. ఆ దగ్గుకి ఆంటీ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? డాక్టరు నవ్వొద్దన్నాడా లేదా?"

"ఏం లేదే. మా ఇద్దరికీ తెలుగొచ్చు. అదీ వచ్చిన చిక్కు."

నవ్వు తగ్గాక ఇప్పుడేం చేద్దామని అడిగాను. "నన్నడుగుతావేం? ద్వారం నీదా, నాదా?" అన్నారు. అయినా పని సంగతి చెప్పారు. మొదలు వైపు చేవ ఎక్కువ, అది కింద ఉంటే తడిని ఓర్చుకుంటుంది. ఇప్పుడు లేత వైపు కింద కూర్చుంటుంది. నేలలో పాతడం లేదు, రాతి దిమ్మ మీద ఇనుప కడ్డీకి కూర్చోబెడుతున్నాం కాబట్టి పర్వాలేదు, కానీ జత స్తంభం కంటే కొన్నేళ్ళు ముందే పుచ్చుతుంది.

ఆ రోజు ఇంటికొచ్చి కూడా నాకొక అనుమానం మిగిలింది. ఆయనకి నిజంగా ముందే తెలుసా? స్లౌ కాలేజీలో ఎవరైనా కర్ర పాడుచేస్తే, "గీత నేనే తప్పు గీశాను" అని మీదేసుకునేవారని ఆంటీ చెప్పింది. నన్ను తేలికపరచడానికి అప్పటికప్పుడు పంతొమ్మిది అన్నారేమో. అడిగితే "ఆయ్" అంటారు. అందుకని అడగలేదు.

మర్నాడు ఇద్దరం జపాన్ ఆంటీ ఇంటికి వెళ్ళాం. ఆయన వాకర్‌తో, నేను వెనకాల. వంటింట్లో టీ పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. కాగితం మీద "మొ" రాసి, రెండు అర్థాలూ చెప్పాను. ఆవిడ ఆ అక్షరాన్ని చాలాసేపు చూసింది.

"మా దగ్గర ఇంట్లో స్తంభం తలకిందులుగా ఉంటే రాత్రిళ్ళు మూలుగుతుందంటారు" అంది.

నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

"కానీ ఒక పాత గుడి ద్వారంలో వడ్రంగులు కావాలనే ఒక స్తంభాన్ని తలకిందులుగా పెట్టారు. పని పూర్తిగా పూర్తయితే ఆ రోజు నుంచే తరగడం మొదలవుతుందని."

ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇదీ మంచిదే కదా!"

"మీరు కావాలని చేశారా?"

"లేదు."

"అయితే అది దీనికి వర్తించదు" అంది ఆవిడ, బస్సు టైము చెప్పినట్టు.

అంకుల్ మెచ్చుకోలుగా తలూపారు. "మా కాలేజీలో పేపర్లు ఈవిడ చేత దిద్దించాల్సింది" అన్నారు నాతో.

ఆవిడ ఆయనవైపు తిరిగి, "నిలబడుతుందా?" అని అడిగింది.

"నిలబడుతుంది."

"పుచ్చినప్పుడు మారుస్తారా?"

ఆయన బల్ల మీద వణుకుతున్న తన చేతులు చూసుకున్నారు. తర్వాత నావైపు చూశారు. "ఈ అమ్మాయి మారుస్తుంది."

నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. టీ తాగాను.

"అయితే పెట్టండి" అంది ఆవిడ.

మే నెలలో నిలబెట్టాం. మా ఆయనా, ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళూ ఎత్తారు. అంకుల్ కుర్చీలో కూర్చుని, దారానికి కట్టిన గుండు పట్టుకుని, వాలు సరిచూశారు. చెయ్యి వణికి గుండు ఊగుతుంటే అది ఆగేదాకా అందరం ఆగాం. ఆఖరి చీల తనే కొడతానన్నారు. రెండు దెబ్బలు తప్పాయి. ఎవరం సాయం వెళ్ళలేదు. మూడోది తగిలింది, చీల దిగిన చప్పుడు మారింది. చీల చివరిదాకా దిగితే కర్ర గొంతు మారుతుందని ఆయన ఎప్పుడూ చెప్పేవారు, ఆ రోజు అందరికీ వినిపించింది.

ఈలోగా ఆంటీ పసుపు కుంకుమ డబ్బాలు పట్టుకుని స్తంభం దగ్గరికి వెళ్ళిపోయింది. కొత్త గుమ్మం కదా, ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. రెండు బొట్లు పెట్టాక, ఇది మన గుడి కాదే అని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. జపాన్ ఆంటీ వంగి చూసి, "వాన పడితే పోతుందా?" అంది.

"పోతుందండీ."

"అయితే పర్వాలేదు."

తర్వాత ఆవిడ ద్వారం ముందు తల వంచి, మధ్యలోంచి కాకుండా ఒక పక్కగా లోపలికి నడిచింది. మధ్య దారి దేవుడిదట. అంకుల్ కూడా వాకర్ పక్కకి జరుపుకుని, ఎడమ స్తంభాన్ని ఆనుకున్నంత దగ్గరగా వెళ్ళారు. వెళ్తూ దాని మీద ఒకసారి చెయ్యేశారు.

అదే ఆయన ఆఖరి పని అయింది. ఆ తర్వాత శనివారాల్లో గ్యారేజీలో కూర్చుని నేను ఏవో చిన్న చిన్న పెట్టెలు చేస్తుంటే చూసేవారు. స్తంభం మార్చే సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. నా వల్ల అవుతుందని ఆయన అన్నారే గానీ, గీత లేకుండా నేను కోసింది ఏముంది? ఆయన లేకుండా ఒక ముడిని చూసి ఇది పైన, ఇది కింద అని తేల్చగలనా? ఒకసారి తేల్చానుగా, ఏమైందో చూశాంగా. ఈ మాట ఆయన్ని అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఈ చలికాలం గడిచేసరికి ఆయన గ్యారేజీ దాకా రావడం మానేశారు.

అంత్యక్రియలకి పెట్టె ఎంచుకోవడానికి ఆంటీ నన్ను తీసుకెళ్ళింది. "కర్ర సంగతి నీకు తెలుసు" అంది. ఇక్కడ దహనానికైనా పెట్టె తప్పదు. చిప్‌బోర్డు మీద కర్రలా కనిపించే కాగితం అంటించినవి ముందు వరసలో ఉన్నాయి. ఆంటీ వేలితో తట్టి, "ఇందులో పంపితే మధ్యలో లేచి కూర్చుంటారు" అంది. ఇద్దరం నవ్వాం, షాపాయన నవ్వలేదు. మామూలు పైన్ చెక్కది తీసుకున్నాం. మూత మీద ముడులు చూసి ఏ చివర మొదలో వెతికాను. అలవాటు.

తర్వాత ఒక ఆదివారం, చుట్టాలు వెళ్ళిపోయాక, ఆంటీ నన్ను ఇంటి పక్క సందులోకి పిలిచింది. అక్కడ గోడ వారన నీలం పట్టా కప్పి ఏదో పొడుగ్గా ఉండేది. ఎప్పుడూ చూస్తున్నదే, కంచె కర్రలనుకునేదాన్ని.

"ఇది నీదట. నాతో చెప్పి పెట్టారు" అంది.

పట్టా తీశాను. ఇటుకల మీద, నేలకి తగలకుండా, గాలాడేలా, చదరంగా కోసిన లార్చ్ కర్ర. స్తంభం పొడుగే. పగలకుండా చివరలకి మైనం పూసి ఉంది.

"ఇది ఎప్పుడు తెచ్చారు ఆంటీ?"

"ఆస్పత్రి నుంచి వచ్చారు చూడు, మర్నాడే ఆ సామిల్లుకి ఫోన్ చేశారు. నేను కేకలేశాను, మంచం మీదుండి ఇంకో కర్ర దేనికండీ అని. ఎండడానికి టైము పడుతుందే, తొందరేం లేదు అన్నారు."

మర్నాడే. నేను చెప్పడానికి పద్దెనిమిది రోజుల ముందు.

కర్ర నా వైపు చివర, మైనం మీద, నల్ల మార్కరుతో, వంకరలు పోయిన పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ఒక్కో అక్షరానికి ఎంతసేపు పట్టి ఉంటుందో. ఒక్క మొదటి అక్షరం కాదు, పూర్తిగా. "మొదలు".

సందులో గోడకి ఒరుసుకుంటూ రెండో చివరకి వెళ్ళాను. రెండు చివర్లా రాయడం ఆయన అలవాటు కాదు. అక్కడా ఉంది. కర్రకి ఆయన ఒప్పుకోని మాట, మా అమ్మ మాట. "మొన".

"ఏం రాశారమ్మా?" అని ఆంటీ అటు చివర నుంచి అడిగింది. కళ్ళజోడు ఇంట్లో వదిలేసింది.

చదివి వినిపించాను.

"అంతేనా? కర్ర మీద కర్ర సంగతేనా?"

"అంతే ఆంటీ."

ఆవిడ ఇంకేదో ఉంటుందనుకున్నట్టు పట్టా ఎత్తి దాని కింద కూడా చూసి, టీ పెడతానని లోపలికి వెళ్ళింది. నేను రెండు మాటలూ ఇంకోసారి చదివాను. చదివి కూడా, మోకాళ్ళ మీద కూర్చుని, పక్క పలక మీద ముడి కోసం వెతికాను. మధ్యకి కొంచెం ఇవతల దొరికింది. వేలు పెట్టి, అది ఎటు ఎక్కుతోందో తడిమి చూశాను.

కొమ్మ మొన వైపే పోతోంది.